పోలండ్‌లో కుంభకోణానికి తీర్పు చెప్పేదెవరు?

సభకు నమస్కారం.

2024 జనవరి 9వ తేదీ సాయంత్రం వార్సాలోని అధ్యక్ష భవనంలోకి పోలీసులు ప్రవేశించి ఇద్దరు రాజకీయ నాయకులను అరెస్టు చేశారు. ఒకరు మాజీ హోంమంత్రి మారియుష్ కమిన్‌స్కి, మరొకరు ఆయన కింద ఉపమంత్రిగా పనిచేసిన మాచెయ్ వోంషిక్. ఆ రోజు వారు ఒక కార్యక్రమం కోసం భవనానికి వచ్చి, బయట అరెస్టు వారెంటు ఉన్నదని తెలిసి అక్కడే ఉండిపోయారు. అధ్యక్షుడు ఆంద్జెయ్ దూదా బెలారుస్ ప్రతిపక్ష నాయకురాలిని కలుసుకోవడానికి నగరంలోనే మరొక భవనానికి వెళ్లిన సమయంలో పోలీసులు లోపలికి వచ్చారు. అంతకు మూడు వారాల క్రితమే, అధికార దుర్వినియోగం చేసినందుకు ఆ ఇద్దరికీ న్యాయస్థానం రెండేళ్ల చొప్పున జైలుశిక్ష ఖరారు చేసింది. వారి పార్టీ అయిన లా అండ్ జస్టిస్ వారిని రాజకీయ ఖైదీలని ప్రకటించింది, అధ్యక్షుడు కూడా అదే మాట అన్నారు. రెండు రోజుల తర్వాత వేలాదిమంది పార్లమెంటు ముందు జాతీయ పతాకాలు పట్టుకుని నిలబడ్డారు. దేశంలోని మిగతా సగం మాత్రం, చట్టం ఎట్టకేలకు పెద్దవాళ్లకు కూడా వర్తించిందని సంతోషించింది.

ఈ కేసు మూలాలు 2007 నాటివి. అప్పుడు కమిన్‌స్కి కొత్తగా ఏర్పడిన కేంద్ర అవినీతి నిరోధక సంస్థకు అధిపతి. ఉపప్రధాని, వ్యవసాయ మంత్రి అయిన ఆంద్జెయ్ లెప్పర్ శాఖలో లంచం తీసుకుంటున్నవారిని పట్టుకోవాలని ఆ సంస్థ ఒక భూమి వ్యవహారాన్ని సృష్టించింది, అందుకోసం నకిలీ పత్రాలు తయారు చేసింది. లెప్పర్ ప్రభుత్వ భాగస్వామ్య పక్షం నాయకుడు కాబట్టి ప్రభుత్వం కూలి మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. వల పన్నిన పద్ధతి చట్టవిరుద్ధమని 2015లో కింది కోర్టు తీర్పు చెప్పింది. అప్పీలు తేలకముందే, అదే ఏడాది నవంబరులో కొత్త అధ్యక్షుడు దూదా క్షమాభిక్ష ప్రసాదించారు. తీర్పు ఖరారు కాకముందే క్షమించవచ్చునా అన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు కుదరదని, రాజ్యాంగ న్యాయస్థానం దానికి సరిగ్గా వ్యతిరేకంగా కుదురుతుందని చెప్పాయి. సుప్రీంకోర్టు మాటతో కేసు మళ్లీ తెరుచుకుని 2023 డిసెంబరులో శిక్ష ఖరారైంది. చివరికి 2024 జనవరి 23న దూదా రెండోసారి క్షమాభిక్ష ఇచ్చారు, అదే ఏడాది జూన్‌లో ఆ ఇద్దరూ ఐరోపా పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

నేను ఈ ఉదంతంతో మొదలుపెట్టడానికి కారణం చెబుతాను. కమిన్‌స్కి దోషా, కాదా అన్నది ఆ దేశ పౌరులు నిజానిజాలను బేరీజు వేసి తేల్చుకోగల విషయం. కానీ తేల్చవలసిన రెండు అత్యున్నత న్యాయస్థానాలలో ఒకదాన్ని ఒక పక్షం వారు, రెండోదాన్ని మరొక పక్షం వారు నమ్మడం మానేశారు. తప్పు చేసింది ఎవరన్న ప్రశ్న వెనక్కిపోయి, నిజమైన పోలిష్ దేశభక్తుడు ఎవరన్న ప్రశ్న ముందుకు వచ్చింది. గత ఇరవై ఏళ్ల పోలిష్ రాజకీయాలలో దాదాపు ప్రతి పెద్ద కుంభకోణమూ ఈ దారిలోనే నడిచింది. ఎందుకు నడిచిందో అర్థం చేసుకోవాలంటే చరిత్రలోకి కొంత వెనక్కి వెళ్లక తప్పదు.

1772, 1793, 1795 సంవత్సరాలలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలండ్‌ను మూడు విడతలుగా పంచుకున్నాయి. 1918 నవంబరు వరకు, అంటే 123 ఏళ్ల పాటు ఆ పేరుతో స్వతంత్ర దేశం లేదు. రెండో విభజనకు ముందు, 1792లో, కొందరు పెద్ద జమీందారులు తమ పాత హక్కులను తగ్గించిన 1791 మే 3 నాటి కొత్త రాజ్యాంగాన్ని రద్దు చేయించడం కోసం రష్యా రాణి కేథరిన్ అండతో ఒక కూటమి కట్టారు. తర్గొవిత్సా అనే ఊరి పేరుతో చరిత్రలో నిలిచిన ఆ కూటమి విదేశీ సైన్యాన్ని ఇంట్లోకి పిలిచిన ద్రోహానికి గుర్తుగా మిగిలిపోయింది. ఇవాళ కూడా వార్సా వీధుల్లో ప్రత్యర్థిని తిట్టాలనుకున్నవాడు ‘తర్గొవిత్సా’ అంటే చాలు, ఎదుటివాడి ముఖం ఎర్రబడుతుంది. రాజ్యమే లేని చోట దొంగతనం కంటే, లంచం కంటే, పరాయివాడితో చేతులు కలపడమే అతి పెద్ద రాజకీయ నేరమవుతుంది. ఆ అలవాటు అయిదు తరాల పాటు ఇళ్లలో, చర్చిలలో, పద్యాలలో నాటుకుపోయింది. 1939లో జర్మనీ, సోవియట్ యూనియన్ రెండూ మళ్లీ దేశాన్ని పంచుకున్నాయి. 1940 వసంతంలో కతిన్ అడవిలోనూ మరికొన్ని చోట్లా సుమారు 22,000 మంది పోలిష్ సైనికాధికారులను, పోలీసులను, విద్యావంతులను సోవియట్ రహస్య పోలీసులు కాల్చిచంపారు. ఆ నేరాన్ని అర్ధ శతాబ్దం పాటు జర్మన్ల మీదకు నెట్టి, 1990లో గాని మాస్కో ఒప్పుకోలేదు. ప్రభుత్వమే అధికారికంగా అబద్ధం చెబుతుందని, నిజం ఇంట్లో గుసగుసగా మాత్రమే దొరుకుతుందని నేర్చుకున్న తరాలు అక్కడ ఇంకా బతికే ఉన్నాయి. అధికారిక నివేదిక అనగానే అనుమానించే మనస్తత్వాన్ని మనం తేలిగ్గా మూఢత్వమని కొట్టిపారేయకూడదు, దాని వెనుక శవాలు ఉన్నాయి.

కమ్యూనిస్టు పాలన 1989లో చర్చల ద్వారా ముగిసింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుండ్రని బల్ల చుట్టూ కూర్చుని ప్రభుత్వం, సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక ఉద్యమం ఒప్పందానికి వచ్చాయి, జూన్ 4న ఎన్నికలు జరిగాయి. రక్తం చిందకుండా ఒక వ్యవస్థ కూలిపోవడం ప్రపంచమంతా మెచ్చుకున్న విషయం. అయితే ఆ బల్ల దగ్గర ఏమి ఇచ్చి ఏమి తీసుకున్నారన్న అనుమానం సాలిడారిటీ లోపలే పుట్టింది. పాత రహస్య పోలీసులకు సమాచారం ఇచ్చినవారి పేర్లు బయటపెట్టాలని ఒక వర్గం, గతాన్ని తవ్వితే కొత్త రాజ్యం నిలవదని మరొక వర్గం వాదించాయి. 1992 జూన్‌లో హోంమంత్రి ఆంతొనీ మాచెరేవిచ్ అనుమానితుల జాబితా పార్లమెంటుకు అందించిన రోజే ప్రధాని యాన్ ఒల్షెవ్‌స్కి ప్రభుత్వం పడిపోయింది. ఆ జాబితాలో లెఖ్ వలేసా పేరు కూడా ఉంది. నోబెల్ బహుమతి పొందిన కార్మిక నాయకుడు, అప్పటి దేశాధ్యక్షుడు ఆయనే. 2016లో ఒక మాజీ కమ్యూనిస్టు హోంమంత్రి భార్య ఇంట్లో ఉన్న కాగితాలు బయటికి వచ్చాయి. 1970ల తొలినాళ్లలో ఆయన రహస్య పోలీసులకు సమాచారమిచ్చారనడానికి అవి ఆధారమని, చేవ్రాత ఆయనదేనని నిపుణులు 2017లో తేల్చారు, ఆయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఈ విషయంలో నా అభిప్రాయం దాచుకోను. ఆ కాగితాలు నిజమైనా 1980లో గ్దాన్‌స్క్ నౌకా నిర్మాణశాలలో సమ్మె నడిపి ఆయన చేసిన పని చిన్నదైపోదు. ఒక మనిషి ఇరవై ఏడేళ్ల వయసులో జైలు భయంతో లొంగి, ముప్ఫై ఆరేళ్ల వయసులో సామ్రాజ్యాన్ని ఎదిరించి ఉండవచ్చు. ఆ రెండు వాక్యాలనూ ఒకేసారి పలకగల పోలిష్ రాజకీయ నాయకుడు నాకు చాలా అరుదుగా కనిపించాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. ఇవాళ ఒకరినొకరు దేశద్రోహులని పిలుచుకుంటున్న రెండు పెద్ద పక్షాలు, డోనల్డ్ టుస్క్ నాయకత్వంలోని సివిక్ ప్లాట్‌ఫామ్ (2025 అక్టోబరు నుంచి దాని పేరు సివిక్ కొయలిషన్), యారొస్లావ్ కచిన్‌స్కి నాయకత్వంలోని లా అండ్ జస్టిస్, రెండూ సాలిడారిటీ ఇంటి నుంచి వచ్చినవే. 2005లో ఎన్నికల తర్వాత రెండూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తాయని దేశమంతా అనుకుంది. అధ్యక్ష ఎన్నికలో టుస్క్, యారొస్లావ్ కవల సోదరుడు లెఖ్ కచిన్‌స్కి తుది రౌండులో ఎదురుపడ్డారు. అప్పుడు లెఖ్ కచిన్‌స్కి ప్రచారబృందంలోని యాత్సెక్ కుర్‌స్కి, టుస్క్ తాతగారు జర్మన్ సైన్యంలో స్వచ్ఛందంగా చేరారని చెబుతున్నారంటూ ఒక మాట వదిలారు. నిజం ఏమిటంటే, ఆయన తాత కషూబియన్ ప్రాంతానికి చెందిన రైల్వే ఉద్యోగి. యుద్ధం మొదట్లోనే నాజీ నిర్బంధ శిబిరాలలో గడిపారు, 1944లో ఆ ప్రాంతపు వేలాది యువకులలాగే బలవంతంగా సైన్యంలోకి పంపబడి, తర్వాత పశ్చిమాన ఉన్న పోలిష్ దళాలలో చేరారు. కుర్‌స్కిని పార్టీ బహిష్కరించింది, కొద్దికాలానికే తిరిగి చేర్చుకుంది. లెఖ్ కచిన్‌స్కి 54 శాతం ఓట్లతో గెలిచారు. ఓటమికి ఆ ఒక్క మాటే కారణమని నేను అనను, టుస్క్ ఆర్థిక విధానాలు పేదలను భయపెట్టిన మాట వాస్తవం. కానీ బాల్టిక్ తీరంలో సరిహద్దులు మారుతూ వచ్చిన చోట, ఒకే కుటుంబంలో ఒక అన్న ఒక యూనిఫాంలో, తమ్ముడు ఇంకొక యూనిఫాంలో ఉన్న చోట పుట్టిన మనిషి దేశభక్తిని తాతగారి సర్వీసు రికార్డుతో కొలవడం ఆ రోజు మొదలైంది. 2023 డిసెంబరు 11న టుస్క్ తిరిగి ప్రధానిగా ఎన్నికైన సాయంత్రం యారొస్లావ్ కచిన్‌స్కి వేదికెక్కి, మీరు జర్మన్ ఏజెంటు అని సభలోనే అన్నారు. ఆ మాటకు పద్దెనిమిదేళ్ల వయసుంది.

2010 ఏప్రిల్ 10న కతిన్ హత్యాకాండ 70వ స్మారక సభకు వెళుతున్న విమానం రష్యాలోని స్మొలెన్‌స్క్ దగ్గర దట్టమైన పొగమంచులో కూలిపోయింది. అధ్యక్షుడు లెఖ్ కచిన్‌స్కి, ఆయన భార్య మారియా సహా 96 మంది చనిపోయారు. సైన్యాధిపతులు, పార్లమెంటు సభ్యులు, జాతీయ బ్యాంకు అధిపతి, కతిన్ మృతుల బంధువులు అందులో ఉన్నారు. కతిన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఆ మృతులకే నివాళి అర్పించడానికి వెళుతూ చనిపోవడం ఒక జాతి మనసు మీద ఎలాంటి దెబ్బ కొడుతుందో మనం ఊహించుకోవాలి. మొదటి వారం దేశం ఒకటిగా ఏడ్చింది. అధ్యక్ష దంపతులను క్రాకోవ్‌లోని వావెల్ కోటలో రాజుల సమాధుల సరసన ఖననం చేయాలన్న నిర్ణయంతోనే చీలిక మొదలైంది. ఆ వేసవిలో అధ్యక్ష భవనం ముందు ఒక చెక్క శిలువ నిలిచింది. దాన్ని కదిలించకూడదని ప్రార్థనలు చేసేవారు ఒకవైపు, తీసేయాలని రాత్రుళ్లు నినాదాలు చేసే యువకులు ఇంకొకవైపు నిలబడ్డారు.

యెజీ మిల్లర్ నాయకత్వంలోని ప్రభుత్వ సంఘం 2011 జులైలో నివేదిక ఇచ్చింది. నేల కనిపించని స్థితిలో విమానం అనుమతించిన ఎత్తు కంటే కిందికి దిగడం, సైనిక విమాన దళంలో శిక్షణ లోపాలు ప్రధాన కారణాలని చెబుతూనే, రష్యన్ కంట్రోలర్లు తప్పుడు సమాచారం ఇచ్చారని కూడా రాసింది. రక్షణ మంత్రి రాజీనామా చేశారు, ఆ విమాన దళాన్ని రద్దు చేశారు. నాకు తెలిసినంతలో అది నిజాయతీ గల సాంకేతిక నివేదిక. కాని అప్పటికే దేశంలో గణనీయమైన భాగం దాన్ని టుస్క్ నివేదికగానే చూసింది. 2015లో లా అండ్ జస్టిస్ అధికారంలోకి వచ్చాక రక్షణ మంత్రి అయిన మాచెరేవిచ్ 2016లో కొత్త ఉపసంఘాన్ని వేశారు, 2018 నుంచి దానికి తానే అధ్యక్షత వహించారు. అది పేలుళ్లు జరిగాయని 2022లో ప్రకటించింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే ఆ ఉపసంఘాన్ని రద్దు చేశారు. ఈ రెంటి మధ్య జరిగిన ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినవాడినవుతాను. 2016 చివర నుంచి ప్రాసిక్యూటర్లు సమాధులు తవ్వించి శవపేటికలు తెరిపించారు. కొన్ని కుటుంబాలు వద్దని మొరపెట్టుకున్నాయి. తెరిచిన పేటికల్లో కొన్నింట ఇతరుల అవశేషాలు కలిసి ఉన్నాయని తేలింది. అంటే పేలుడు సిద్ధాంతం ఆధారం లేనిదే అయినా, 2010లో ప్రభుత్వం మృతుల విషయంలో తగిన శ్రద్ధ తీసుకోలేదన్న ఫిర్యాదు నిజం. పక్షపాతం కమ్మిన దేశంలో ఇలాంటి సగం నిజాలకు చోటుండదు. ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని ఒప్పుకుంటే కుట్రను ఒప్పుకున్నట్టని ఒకరు, పొగమంచును ఒప్పుకుంటే అధ్యక్షుణ్ణి అవమానించినట్టని ఇంకొకరు అనుకుంటారు. విమాన శకలాలు ఇంకా రష్యాలోనే ఉండటం ఈ పుండును మాననివ్వలేదు.

2014 జూన్‌లో వార్సా రెస్టారెంటు టేపులు బయటపడ్డాయి. పెద్దవాళ్లు భోజనం చేసే ప్రత్యేక గదుల్లో వెయిటర్లు రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలను ‘వ్ప్రోస్ట్’ వారపత్రిక ప్రచురించింది. హోంమంత్రి బార్త్‌వొమెయ్ షెన్‌కేవిచ్, జాతీయ బ్యాంకు అధిపతి మారెక్ బెల్కా ఎన్నికల ముందు ప్రభుత్వాన్ని ఆదుకోవడం గురించి మాట్లాడుకున్నారు. పోలిష్ రాజ్యం పేరుకు మాత్రమే ఉన్నదని షెన్‌కేవిచ్ అన్నారు. ఇంకొక టేపులో ఒక మహిళా మంత్రి 6,000 జ్లొతీల (జ్లొతీ పోలండ్ కరెన్సీ) జీతానికి దొంగయినా పని చేయాలి, తెలివితక్కువవాడయినా పని చేయాలి అన్న అర్థంలో మాట్లాడారు. అప్పటి సగటు నెల జీతం 4,000 జ్లొతీలకు లోపే ఉంది. టేపుల్లో పెద్ద లంచాలేమీ లేవు. కానీ బిల్లుల్లో కనిపించిన చిన్న ఆక్టోపస్ వంటకం దేశమంతటికీ ఒక గుర్తుగా మారిపోయింది. చిన్న పట్టణంలో సూపర్‌మార్కెట్ కౌంటరు దగ్గర నిలబడే మనిషికి ఆ వంటకం ఎదుట కూర్చుని తన జీతాన్ని వెక్కిరించినవారు ఇక ఎన్నటికీ తనవారు కారని అర్థమైంది. ఆ కోపం న్యాయమైనదని నేను నమ్ముతాను. 2015 అక్టోబరులో లా అండ్ జస్టిస్ 37.6 శాతం ఓట్లతో 460 స్థానాలలో 235 గెలిచింది.

ఇప్పుడు దీని రెండో భాగం చూడండి. 2018 అక్టోబరులో అదే రెస్టారెంటులో, అదే కాలంలో రికార్డయిన ఇంకొక టేపు బయటికి వచ్చింది. అందులో మాట్లాడినవారు అప్పటికి ప్రధానమంత్రి అయిన మతేవుష్ మొరవ్యెత్స్‌కి. రికార్డు జరిగిన నాటికి ఆయన ఒక పెద్ద బ్యాంకు అధిపతి. ప్రజల ఆశలు తగ్గాలని, యుద్ధం తర్వాతి రోజుల్లో మనుషులు గిన్నెడు అన్నం కోసం ఒళ్లొంచి పనిచేశారని ఆయన అన్నారు. అదే గది, అదే రకం మాటలు. ఏడాది తర్వాత జరిగిన ఎన్నికల్లో ఆయన పార్టీ ఓట్లు 43.6 శాతానికి పెరిగాయి. కేవలం గుడ్డి అభిమానమే ఇలా చేయించిందని తేల్చేయడం తొందరపాటు. 2016 నుంచి రెండో బిడ్డ మొదలుకొని ప్రతి బిడ్డకూ నెలకు 500 జ్లొతీలు ఇవ్వడం ఆ ప్రభుత్వం చేసిన పని, అది లక్షల కుటుంబాల వంటింటి వరకు చేరింది. అయినా ఆక్టోపస్ టేపును క్షమించలేనివాళ్లు అన్నం గిన్నె టేపును వినిపించుకోకపోవడంలో పక్షపాతం పనితీరు స్పష్టంగా కనిపిస్తుంది. ప్రత్యర్థి అన్నమాట అతని అసలు స్వభావాన్ని బయటపెట్టిందనుకుంటాం, మనవాడు అన్నమాటను సందర్భం లేకుండా కత్తిరించారనుకుంటాం.

ఆ వినిపించుకోకపోవడానికి ప్రభుత్వ టెలివిజన్ చాలా సాయం చేసింది. 2016 జనవరిలో దాని అధిపతిగా వచ్చినవారు, 2005లో తాత కథను వదిలిన యాత్సెక్ కుర్‌స్కియే. 2020లో ప్రభుత్వ ప్రసార సంస్థలకు సుమారు 200 కోట్ల జ్లొతీల ప్రజాధనం కేటాయించారు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికను పరిశీలించిన ఓఎస్‌సీఈ (ఐరోపా భద్రతా సహకార సంస్థ) బృందం, ప్రభుత్వ టెలివిజన్ అధికారంలో ఉన్న అభ్యర్థికి ప్రచార సాధనంగా పనిచేసిందని, విదేశీయులపైనా యూదులపైనా ద్వేషం తొంగిచూసే కథనాలు ప్రసారం చేసిందని రాసింది. దూదా 51.03 శాతంతో గెలిచారు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో ప్రతిపక్ష ప్రచారానికి నాయకత్వం వహించిన క్షిష్తోఫ్ బ్రెయ్‌జా ఫోనులోకి పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ చొరబడిందని కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు 2021 డిసెంబరులో కనుగొన్నారు. ఆయన ఫోనులోని సందేశాలు మార్పులతో టెలివిజన్ తెరపై కనిపించాయి. ఆ నిఘా పరికరాన్ని కొన్న డబ్బులో 2.5 కోట్ల జ్లొతీలు నేరబాధితుల సహాయార్థం ఏర్పాటైన న్యాయ నిధి నుంచి వచ్చాయి. దొంగల చేతిలో దెబ్బతిన్నవారికి, ఇంట్లో హింసకు గురైన స్త్రీలకు చేరవలసిన సొమ్ము అది. 2017 నుంచి 2022 వరకు 578 మందిపై పెగాసస్ ప్రయోగించారని 2024లో ప్రాసిక్యూటర్ జనరల్ పార్లమెంటుకు తెలిపారు.

2023 ఎన్నికల ముందు వీసాల కుంభకోణం వచ్చింది. ఇది మన వారికి కూడా తగిలింది కాబట్టి రెండు మాటలు చెబుతాను. విదేశాంగ ఉపమంత్రి ప్యోతర్ వావ్‌జిక్‌ను ఆగస్టు చివరి రోజున తొలగించారు. డబ్బు తీసుకుని వీసాలను వేగంగా ఇప్పించే వ్యవస్థ ఆయన చుట్టూ నడిచిందన్నది ఆరోపణ. భారతదేశం నుంచి సినిమా బృందం పేరుతో కొందరికి వీసాలు ఇప్పించారని పోలిష్ పత్రికలు రాశాయి. అదే వారాల్లో అదే ప్రభుత్వం, మధ్యప్రాచ్యం, ఆఫ్రికాల నుంచి వేలాది అక్రమ వలసదారులను ఒప్పుకుంటారా అంటూ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది. ఒక చేత్తో భయాన్ని, ఇంకొక చేత్తో వీసాను అమ్మడం సిగ్గుచేటయిన విషయం. ఆ తర్వాత విద్యార్థి వీసాల నిబంధనలు కఠినమయ్యాయి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నిజంగా చదువుకోవడానికి వెళ్లాలనుకున్న పిల్లలు కూడా ఆ కఠినత్వాన్ని భరించవలసి వచ్చింది. 2022 మార్చిలో ఉక్రెయిన్ నుంచి నడిచి వచ్చిన మన వైద్య విద్యార్థులను సరిహద్దులో ఆదుకున్న దేశం కూడా ఇదే.

2023 అక్టోబరు 15న 74 శాతానికి పైగా ఓటర్లు పోలింగు కేంద్రాలకు వచ్చారు. ప్రతిపక్షాలు కలిసి 248 స్థానాలు గెలిచాయి. చట్టపాలన పునరుద్ధరణ వారి వాగ్దానం. డిసెంబరు 19న కొత్త సాంస్కృతిక మంత్రి టెలివిజన్ పాలకమండలిని కంపెనీ చట్టం ఆధారంగా తొలగించారు, మరునాడు వార్తా చానల్ ప్రసారం ఆగిపోయింది. ఆ మంత్రి బార్త్‌వొమెయ్ షెన్‌కేవిచ్, 2014 టేపులో రాజ్యం పేరుకు మాత్రమే ఉన్నదన్న మనిషే. పాత టెలివిజన్ ప్రచారయంత్రంగా మారిందన్నది నిర్వివాదం. అయినా, పార్లమెంటులో చట్టం మార్చకుండా, దూదా వీటోను తప్పించుకోవడానికి వాటాదారుడిగా ప్రభుత్వానికి ఉన్న హక్కుతో ఆ పని చేయడంపై హెల్సింకి మానవహక్కుల ఫౌండేషన్ వంటి, ఏనాడూ లా అండ్ జస్టిస్‌ను సమర్థించని సంస్థలు కూడా సందేహాలు వ్యక్తం చేశాయి. వారి సందేహం సరైనదేనని నా నమ్మకం. పాత ప్రేక్షకులలో చాలామంది కొత్త వార్తలు చూడకుండా రెపుబ్లికా అనే ప్రైవేటు చానల్‌కు తరలిపోయారు. ఒకే తెర ముందు దేశాన్ని కూర్చోబెట్టే అవకాశం అప్పుడే చేజారింది.

చరిత్రను భద్రపరిచే సంస్థల సంగతి ఇంతకంటే బాధాకరం. రెండు నియంతృత్వాల నేరాలను పరిశోధించడానికి ఏర్పడిన జాతీయ స్మృతి సంస్థ, తొలినాళ్లలో ఒక గొప్ప పని చేసింది. 1941 జులై 10న యెద్వాబ్నె అనే చిన్న పట్టణంలో యూదులను చంపినవారు జర్మన్ల ప్రోద్బలంతో వారి పొరుగువారైన పోలిష్ ప్రజలేనని, మృతులు కనీసం 340 మంది అని ఆ సంస్థే దర్యాప్తు చేసి తేల్చింది. 2001లో అధ్యక్షుడు క్వష్నెవ్‌స్కి అక్కడికి వెళ్లి క్షమాపణ చెప్పారు. బాధితులుగా మాత్రమే తమను తాము చూసుకున్న జాతికి ఆ నిజం మింగుడుపడటం ఎంత కష్టమో ఆలోచించండి. యూదులను కాపాడి ప్రాణాలు పోగొట్టుకున్న పోలిష్ కుటుంబాలు కూడా నిజమే, యెద్వాబ్నె కూడా నిజమే. 2018లో మాత్రం, నాజీ నేరాలను పోలిష్ జాతికి అంటగట్టేవారికి మూడేళ్ల వరకు జైలు విధించే సవరణ ఆ సంస్థ చట్టంలోకే వచ్చింది. ప్రపంచమంతా నిరసించడంతో అయిదు నెలల్లో జైలు నిబంధనను తీసేశారు. గ్దాన్‌స్క్‌లోని రెండో ప్రపంచయుద్ధ మ్యూజియాన్ని స్థాపించిన డైరెక్టరును 2017లో తొలగించి, కరోల్ నవ్‌రొత్స్‌కి అనే యువ చరిత్రకారుణ్ణి నియమించారు. పోలిష్ వీరులకు తగిన స్థానం లేదంటూ ఆయన ప్రదర్శనను మార్చారు. 2021లో స్మృతి సంస్థకు అధిపతి అయ్యారు, 2025 జూన్ 1న దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఎన్నికకు నెల ముందు, మామూలు జనంలాగే తనకూ ఒక్కటే ఇల్లుందని చర్చలో చెప్పిన ఆయనకు, సంరక్షణ గృహంలో ఉన్న ఒక వృద్ధుడి నుంచి పొందిన రెండో అపార్టుమెంటు కూడా ఉన్నదని పత్రికలు బయటపెట్టాయి. తప్పేమీ చేయలేదంటూ ఆయన ఆ ఇంటిని దానం చేశారు, 50.89 శాతం ఓట్లతో గెలిచారు. రెండు నెలల తర్వాత ఐరోపా పునరుద్ధరణ నిధుల నుంచి హోటళ్లకు, రెస్టారెంట్లకు ఇచ్చిన గ్రాంట్లు పడవలు కొనడానికి పోయాయని తెలిసి టుస్క్ ప్రభుత్వం ఇరుకున పడింది. ఆ అపార్టుమెంటును ఎత్తిచూపినవారే అప్పుడు సందర్భం వివరించే పనిలో పడ్డారు.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, ఉండేది కాదు. 2002 జులైలో లేవ్ రివిన్ అనే సినీ నిర్మాత ‘గజెతా విబోర్చా’ సంపాదకుడు ఆడమ్ మిఖ్నిక్ దగ్గరకు వచ్చి, పత్రిక యాజమాన్యానికి అనుకూలంగా ప్రసార చట్టం మార్పిస్తానని, అందుకు 1.75 కోట్ల డాలర్లు కావాలని అడిగారు. మిఖ్నిక్ ఆ సంభాషణను రికార్డు చేసి డిసెంబరులో ప్రచురించారు. 2003లో సెయ్మ్, అంటే పార్లమెంటు దిగువ సభ, విచారణ సంఘం వేసింది. ప్రధాని నుంచి సంపాదకుడి వరకు అందరూ వచ్చి సాక్ష్యమిచ్చారు. దేశం మొత్తం టెలివిజన్‌లో ఆ సాక్ష్యాలను చూసింది. సంఘానికి అధ్యక్షత వహించిన తొమాష్ నవెంచ్ అధికార కూటమి సభ్యుడే అయినా ప్రశ్నలను అడ్డుకోలేదు. రివిన్ జైలుకు వెళ్లారు. 2001లో 41 శాతం ఓట్లు తెచ్చుకున్న వామపక్ష కూటమి 2005లో 11 శాతానికి పడిపోయింది, దాని ఓటర్లే దాన్ని శిక్షించారు. ఆ శిక్ష సాధ్యమైనది అందరూ ఒకే సాక్ష్యాన్ని విన్నందువల్ల.

కానీ బీజం అక్కడ కూడా పడింది. సంఘంలోని మెజారిటీ నివేదికను పక్కన పెట్టి, 2004లో సెయ్మ్ ఒక యువ సభ్యుడు రాసిన అత్యంత కఠినమైన నివేదికను ఆమోదించింది. ప్రధాని లేషెక్ మిల్లర్‌తో పాటు ప్రసార మండలి కార్యదర్శి వ్వొద్జిమ్యేష్ చజాస్తి కూడా రివిన్ వెనుక నిలిచిన బృందంలో ఉన్నారని అందులో రాశారు. న్యాయస్థానంలో అది రుజువు కాలేదు. ఆ యువ సభ్యుడు జ్బిగ్నెవ్ జ్యోబ్రో. తర్వాత రెండుసార్లు న్యాయమంత్రి అయ్యారు, నేరబాధితుల నిధి నడిచింది ఆయన చేతి కింద. 2025 నవంబరు 7న ఆ నిధి దుర్వినియోగంతో సహా 26 అభియోగాల విషయంలో సెయ్మ్ ఆయన పార్లమెంటరీ రక్షణను తొలగించింది. 2026 జనవరిలో, తాను రాజకీయ వేధింపులకు గురయ్యానన్న ఆయన వాదనను అంగీకరించి హంగరీ ఆశ్రయం ఇచ్చింది. రక్షణ తొలగించిన పదకొండు రోజులకు సెయ్మ్ స్పీకరు కుర్చీలో కూర్చున్నవారు వ్వొద్జిమ్యేష్ చజాస్తి. జ్యోబ్రో 2004లో రాసిన నివేదికను ఆ సభ ఇంతవరకు ఉపసంహరించుకోలేదు. ఆయనపై మోపిన అభియోగాలను వినవలసిన న్యాయమూర్తుల నియామకం చెల్లుతుందా, చెల్లదా అన్న వివాదం, ఆయన మంత్రిగా ఉండగా 2017లో న్యాయమూర్తులను ఎంపిక చేసే న్యాయమండలి చట్టం మార్చిన నాటి నుంచి సాగుతూనే ఉంది.